ఆముదపు చెట్టు చుట్టాలు

విజయనగరం దాటి, సన్నని ఖద్దరుకు పేరుమోసిన పొందూరు కూడా దాటిన తరువాత, హౌరా వైపు పోయే రైలు ఒక స్టేషనులో ఆగుతుంది. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్డు' అని ఉంటుంది. దిగినవారిలో చాలామంది సామాన్లు ఎత్తుకుని బస్సులకూ, ఆటోలకూ పరుగెత్తుతారు. శ్రీకాకుళం ఇంకా సుమారు 12 కిలోమీటర్లు ఉన్నది మరి! తాము నిలబడ్డ ఊరి పేరు ఆమదాలవలస అని తెలుసుకునే తీరిక వారికి ఉండదు. 1893–96 సంవత్సరాల మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు రైలు మార్గం పడ్డది. అటుపిమ్మట స్టేషనేమో ఈ ఊరికి దక్కింది, పేరు మాత్రం పొరుగూరికి పోయింది.

పేరు పోతే పోయింది గాని, ఆ పేరులో ఎంత అందమున్నదో చూడండి. ఒకచోటి నుంచి కదలి వచ్చిన నాలుగు కుటుంబాలు పాకలు వేసుకుంటే ఆ చోటికి 'వలస' అని పేరు పడటం ఉత్తరాంధ్రలో మామూలు. ఈ జిల్లాలోనూ, పక్కనున్న విజయనగరం, పార్వతీపురం ప్రాంతాలలోనూ 'వలస'తో ముగిసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఈ వలసకు ముందు ఆముదాలు చేరినవి. మన వాళ్ళకు ఆముదం మీద ఎందుకో చిన్నచూపు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని ఎగతాళి చేశారు. ముఖం చిట్లించినవాడిని ఆముదం తాగినట్లున్నాడని అన్నారు. కాని ఆ నూనెతోనే దీపాలు పెట్టుకున్నారు, ఆ నూనెతోనే పసిపిల్లల మాడు తడిపారు.

ఈ చెట్టును ఎగతాళి చేయని ప్రాణి ఒకటి ఉన్నది. అది సీతాకోకచిలుక. దానిని ఫోటో తీయటమే కొన్నేళ్ళుగా నాకు పట్టిన పిచ్చి.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి పురుగులతో ఏమి పని అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో ఈ ప్రశ్న ఇంతకంటె ఘాటుగా వస్తుంది. "ఫోటోలు తీయటానికి పురుగులే కావాలంటే వంటింట్లో బొద్దింకలు ఉన్నాయి, ఎండలో తిరగటం ఎందుకు?" అంటుంది మా ఆవిడ. నా జవాబు ఒకటే. సీతాకోకచిలుక అనే మాటను తెలుగువాళ్ళు తప్ప మరొకరు కల్పించలేరు. సీతమ్మవారి కోక కట్టుకున్న చిలుక! ఇంత మంచి పేరు పెట్టి, ఆ కోక మీది అంచు ఎలాగుంటుందో ఒక్కసారైనా నిదానంగా చూడకపోవటం న్యాయమా?

నిదానంగా చూడాలంటే పొద్దున్నే లేవాలి. సీతాకోకచిలుకకు మనకున్నట్లు ఒంట్లో స్థిరమైన వేడి ఉండదు. రాత్రి చల్లబడ్డ శరీరం ఎండలో కాగితే గాని ఎగరలేదు. కనుక సూర్యుడు కాస్త పైకి వచ్చిన వేళ అది ఆకు మీద రెక్కలు పరచుకుని కూర్చుంటుంది. మనకు దొరికే సమయం అదే. ఎనిమిది దాటితే దాని వెంట పరుగే తప్ప ఫోటో లేదు. మన నీడ దాని మీద పడరాదు. నీడ పడితే పిట్ట వచ్చిందనుకుని లేచిపోతుంది. అడుగు తీసి అడుగు వేయటంలో తొందర పనికిరాదు.

ఇక పనిముట్టు సంగతి. మాక్రో లెన్సు అనేది ఒకటి ఉన్నది. పురుగు అసలు కొలత ఎంతో, కెమేరా లోపలి బిళ్ళ మీద అంత కొలతతోనే దాని బొమ్మను నిలబెడుతుంది. ఆ దగ్గరితనానికి ఒక చిక్కున్నది. ఎపర్చరును ఎఫ్ 11 దాకా మూసినా, స్పష్టంగా కనిపించే మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కన్ను తేటగా వస్తే రెక్క చివర మసకబారుతుంది. అందుచేత రెక్కలు మూసి కూర్చున్నదానికి సరిగ్గా పక్క నుంచీ, తెరిచి కూర్చున్నదానికి సరిగ్గా పై నుంచీ తీయాలి. ఏది ఎలా ఉన్నా కన్ను మాత్రం తేటగా రావాలి. కన్ను మసకబారితే ఎంత అందమైన పురుగైనా చచ్చినదానిలాగే కనిపిస్తుంది. ఇంత ఖర్చు పెట్టలేనివారు చేతిఫోనుకు తగిలించే చిన్న భూతద్దంతో మొదలుపెట్టవచ్చు. మా కాలేజీ కుర్రవాళ్ళు అలాగే మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆముదపు చెట్టు దగ్గరికి వద్దాము.

ఊరి బయట నాగావళి వైపు పోయే దారిలో, చెరకు మడులకూ బీడుకూ నడుమ, ఎవరూ నాటకుండా మొలిచిన ఆముదపు చెట్లు కనిపిస్తూ ఉంటాయి. వాటి చుట్టూ ఇటుకరంగు సీతాకోకచిలుకలు నేలకు దగ్గరగా, రెండు మూడు సార్లు రెక్కలాడించి కాసేపు తేలుతూ, మళ్ళీ ఆడిస్తూ తిరుగుతాయి. రెక్కలు విప్పితే రెండంగుళాలు ఉంటుంది. రెక్క నిండా నల్లటి సన్నని గీతలు, అలలు అలలుగా. ఇంగ్లీషువారు దీనిని 'కామన్ కాస్టర్' అన్నారు. శాస్త్రంలో దీని పేరు అరియాడ్నె మెరియోనె. అరియాడ్నె గ్రీకు పురాణంలోని రాజకుమారి. దారి తెలియని చిక్కుదొడ్డిలోకి పోయే వీరుడికి, తిరిగి రావటానికి ఆసరాగా దారపు ఉండ ఇచ్చి పంపిన పిల్ల. రెక్క మీది గీతలు చూస్తే ఆ దారమే గుర్తుకు వస్తుంది.

ఆడది ఆకును కాళ్ళతో తడిమి, ఇది ఆముదమే అని నిశ్చయం చేసుకుని, ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. ఆవగింజ కంటె చిన్నది. లెన్సులో చూస్తే గుడ్డు ఒళ్ళంతా తెల్లని వెంట్రుకలు! అందులో నుంచి వచ్చిన గొంగళి ఆకుపచ్చగా, ముళ్ళతో ఉంటుంది. అది ఆముదపాకు తిని పెరిగి, ఎండుటాకు ముక్కలాగా తలకిందులుగా వేలాడి, గుడ్డు పెట్టిన నాటి నుంచి మూడు నాలుగు వారాలకు రెక్కలతో బయటపడుతుంది. ఈ గొంగళికి వంకాయ తోటా, వరిచేనూ ఎంత పచ్చగా ఉన్నా ఒకటే. ఆముదమూ, దాని దగ్గరి బంధువులైన ఒకటి రెండు మొక్కలూ లేకపోతే దానికి బతుకు లేదు.

ఒకనాడు గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా, గడ్డిమోపుతో పోతున్న ముసలమ్మ ఆగి అడిగింది: "ఏటి బాబూ, ఏటైనా పడిపోనాదేటి?"

"లేదు మామ్మా, పురుగుకు ఫోటో తీస్తున్నాను."

"పురుగుకా! పెళ్ళిసూపులకేటి?" అని పకపకా నవ్వి పోయింది. ఆ నవ్వుకు నా సీతాకోకచిలుక కూడా లేచిపోయింది.

ఒక్కసారి ఈ చూపు అలవాటైతే ప్రతి మొక్కా ఎవరికో అన్నపూర్ణ ఇల్లని తెలుస్తుంది. మీ పెరటి కరివేప మీద రెట్ట మచ్చలాగా ఉన్నదానిని కర్రపుల్లతో తాకి చూడండి. తల వెనుక నుంచి ఎర్రని పంగల కొమ్ము ఒకటి లేచి, ఘాటు వాసన వస్తుంది. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు రెట్టలా, పెద్దయ్యాక పచ్చని ఆకులా వేషం వేస్తుంది. రోడ్డు పక్క జిల్లేడు మీద నారింజరంగు రెక్కల 'ప్లెయిన్ టైగరు' పెరుగుతుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది గనుక, ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. విశేషమేమంటే, గంగపావిలి తిని పెరిగే మరొక సీతాకోకచిలుకలో ఆడది అచ్చంగా ఈ విషపుదాని చీరే కట్టుకుని తిరుగుతుంది. దానిలో విషమేమీ లేదు. వేషంతోనే ప్రాణం దక్కించుకుంటుంది. మగవాడు మాత్రం నల్లని రెక్కల మీద పెద్ద తెల్లని మచ్చలతో వేరుగా ఉంటాడు. రెండూ ఒకే జాతి అని మా విద్యార్థులకు నమ్మకం కలిగించటానికి నాకు వారం పట్టింది.

నాగావళి ఒడ్డున ఇంకొక వేడుక. ఒరిస్సాలో కలహండి కొండల దగ్గర పుట్టి, రాయగడ మీదుగా దిగివచ్చే ఈ నది వరద తగ్గగానే తడి ఇసుక దిబ్బలు పరుస్తుంది. ఆ తడి మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, తొండాలు దించి పీలుస్తూ ఉంటాయి. అవి చాలావరకు మగవి. పూదేనెలో ఉప్పు ఉండదు. ఆ ఉప్పు కోసం తడి మన్నును వెతుక్కుంటాయి. ఇసుక మీద బోర్లా పడుకుని, కెమేరాను నేలకు ఆనించి తీస్తే వరుసగా నిలబడ్డ తెరచాపల్లా వస్తుంది బొమ్మ. చొక్కా సంగతి ఇంటికి వెళ్ళాక చూసుకోవాలి.

వానలు వెనుకపట్టే రోజులలో అదే ఒడ్డున లేత పసుపు తూనీగలు వందలుగా ఆడతాయి. వీటి జాతివారు సామాన్యులు కారు. చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త మాల్దీవుల్లో ఏటేటా వీటిని లెక్కపెట్టి, ఇవి భారతదేశం నుంచి సముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో ప్రకటించాడు. మన వేలెడు లేని తూనీగ! వలస అంటే ఇదీ అనిపిస్తుంది. ఊరి పేరులో సగం ఆముదపు సీతాకోకచిలుకదైతే, మిగతా సగం ఈ తూనీగది.

దన్నానపేట దగ్గర బృహచ్ఛిలాయుగపు సమాధిరాళ్ళు ఉన్నాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు రాళ్ళను చూసి వస్తారు. నేను రాళ్ళ నీడన ఉన్న పొడిదుమ్మును కూడా చూస్తాను. అక్కడ గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఒక చీమ అంచు మీద కాలు జారితే, అడుగున దాగిన పురుగు ఇసుక విసిరి దానిని కిందికి లాగుతుంది. పిల్లలు ఈ పురుగును చేతిలోకి తీసుకుని వెనక్కి నడిపించి ఆడుకుంటారు. పెద్దయ్యాక ఇది తూనీగను పోలిన రెక్కలతో రాత్రివేళ ఎగురుతుందని చాలామందికి తెలియదు.

తెలుగు మేష్టారికి ఈ పనిలో ఇంకొక లాభమున్నది. కావ్యాలలో వానాకాలపు వర్ణనలో ఇంద్రగోపాలు అని వస్తాయి. పాఠం చెబుతూ 'ఎర్రని పురుగులు' అని అర్థం చెప్పి దాటవేయటం పరిపాటి. ఆరుద్ర కార్తెలో తొలివాన పడగానే బీడు నేల మీద ఎర్రని పట్టుబంతుల్లాగా పాకే ఆరుద్ర పురుగులే అవి. దగ్గరగా తీసిన ఫోటో చూపిస్తే తరగతిలో ఒక పిల్ల కాళ్ళు లెక్కపెట్టి, "ఎనిమిది ఉన్నాయి మేష్టారూ, పురుగుకు ఆరే కదా?" అన్నది. నిజమే. అది సాలీడుకు చుట్టమట, అసలు కీటకమే కాదు. ఆనాటి పద్యం వాళ్ళకు మరచిపోకుండా నిలిచింది.

భ్రమరకీట న్యాయమని మరొకటి ఉన్నది. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి చుట్టూ ఝుమ్మని తిరుగుతుందనీ, పురుగు భయంతో దానినే తలచుకుని తలచుకుని చివరికి కందిరీగ అయిపోతుందనీ పెద్దలు చెప్పేవారు. మా కిటికీ చట్రం మీద కందిరీగ కట్టిన గూడును కొన్నాళ్ళు ఫోటోలు తీశాను. సున్నం వేయటానికి వచ్చినవాళ్ళ బుర్రుసు తగిలి ఒక గది విరిగింది. లోపల పచ్చని గొంగళ్ళు నాలుగైదు, ప్రాణంతోనే ఉన్నాయి గాని కదలలేవు. కందిరీగ వాటిని కుట్టి మొద్దుబార్చి, తన గుడ్డుతో పాటు పెట్టి మూత వేస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఆ నిలవ ఆహారం తిని పెరిగి బయటికి వస్తుంది. చూసేవాడికి పురుగు పోయి కందిరీగ వచ్చినట్లే కనిపిస్తుంది. దీనితో వేదాంతానికి వచ్చిన నష్టమేమీ లేదు. ఉపమానం ఉపమానంగా ఉంటుంది, గూటిలో జరిగేది గూటిలో జరుగుతుంది. కాని ఆ రెండింటి మధ్య తేడా తెలియటం వల్ల ఒక రైతుకు మేలు జరగటం నేను చూశాను.

ఆముదానికి అసలు శత్రువు మన ఇటుకరంగు సీతాకోకచిలుక కాదు. దాసరి పురుగు అనే గొంగళి. నడుము పైకి వంచి జానతో కొలుస్తున్నట్లు నడుస్తుంది. ఎక్కువైతే ఆకులో ఈనెలు తప్ప మిగల్చదు. 1914లోనే బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ అనే ఆయన దక్షిణ భారతపు పురుగుల మీద మద్రాసులో వెలువరించిన గ్రంథంలో ఆముదపు పురుగులను వర్ణించాడు. అప్పటికి మన ప్రాంతం మద్రాసు రాజధానిలోనిదే.

ఒక పెద్దాయన అరెకరంలో ఆముదం వేశాడు. నేను గట్టు మీదికి వెళ్ళేసరికి మందు డబ్బా భుజాన వేసుకుని ఉన్నాడు.

"సూడండి మేష్టారూ, ఆకెలాగ కొరికేసినాదో! మందు కొట్టకపోతే పంట దక్కుతాదేటి?"

నేను అప్పటికే రెండు మూడు గొంగళ్ళను తీసి ఉన్నాను. కెమేరా వెనుక అద్దంలో బొమ్మ పెద్దది చేసి చూపించాను. గొంగళి వెనుక కాళ్ళ దగ్గర బియ్యపు నూకంత తెల్లని గూడు అంటుకుని ఉన్నది.

"ఇదేటి, గుడ్డా?"

"కాదండీ. చిన్న కందిరీగ గూడు. గొంగళి ఒంట్లో పెరిగి బయటికి వచ్చి గూడు కట్టింది. ఈ గొంగళి ఇక బతకదు. ఇప్పుడు మందు కొడితే రెండూ చస్తాయి. మళ్ళీ పురుగు వస్తే పట్టటానికి కందిరీగ ఉండదు."

ఆయన నా మాట నమ్మలేదు. నమ్మవలసిన పని కూడా లేదు, నేను పాఠం చెప్పేవాడిని గాని పంట పండించేవాడిని కాను. కాని అద్దంలో చూసినది నమ్మాడు. డబ్బా దించి, తానే వంగి ఆకులు తిప్పి చూశాడు. ఒక మొక్క మీద రెండు, పక్క మొక్క మీద మూడు తెల్లగూళ్ళు కనిపించాయి. "అయితే నాలుగురోజులు సూద్దుం" అన్నాడు. నాలుగోనాటికి గొంగళ్ళు చాలావరకు వాడి వేలాడుతున్నాయి. ఆకులు కొన్ని పోయాయి, చేను మిగిలింది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. గూళ్ళు కనిపించకపోతేనో, పురుగు మరీ మించిపోతేనో వ్యవసాయ శాఖవారిని అడిగి చేయవలసినది చేయాలి. కాని కొట్టే ముందు ఒకసారి ఆకు తిప్పి చూడటానికి ఖర్చేమీ లేదు.

ఇంతకూ నా దిగులు పొలం గురించి కాదు, గట్టు గురించి. పూర్వం దొడ్డి చుట్టూ దడి ఉండేది. దడిలో ఆముదం, జిల్లేడు, తంగేడు, పేరు తెలియని తీగలు అన్నీ కలిసి పెరిగేవి. ఇప్పుడు దడి పోయి సిమెంటు గోడ వస్తున్నది. గట్టు మీద మనుషులతో గడ్డి కోయించటం కంటె గడ్డిమందు చల్లటం చవక అయింది. మందు పడ్డ వారానికి గట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. నేను మూడేళ్ళ పాటు ఆముదపు సీతాకోకచిలుకలను తీసిన ఒక గట్టు మీద, గత ఏడాది ఒక్క మొక్క మిగలలేదు, ఒక్క రెక్క కనిపించలేదు. అవి అలిగి పోలేదు. ఆ గొంగళికి మరొక అన్నం లేదు, అంతే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను ఈ జిల్లావారు మరచిపోలేరు. ఉద్దానంలో తరాలుగా పెంచిన కొబ్బరీ, జీడిమామిడీ ఒక్క పూటలో నేలకు ఒరిగాయి. ఆ తుపాను పేరు తిత్లీ. అంటే హిందీ, ఉర్దూలలో సీతాకోకచిలుక అని అర్థం. ఇంత మెత్తని ప్రాణి పేరు అంత ఘోరానికి పెట్టవలసి వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ వైపు పల్లెలలో "సీతాకోకచిలుకలు చూడటానికి వచ్చాను" అనటానికి నాకు నోరు రాలేదు. పడ్డ కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకు రావటానికి ఏళ్ళు పడుతుంది. దాని ముందు నా బొమ్మలు ఎంత? అయినా ఒకటి మాత్రం అనిపించింది. తుపాను తీసుకుపోయినది అందరికీ కనిపించింది, లెక్కలు రాశారు. గట్టు మీద గడ్డిమందు తీసుకుపోయేది ఎవరికీ కనిపించదు.

దానికి లెక్క రాసేది ఫోటోయే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఏళ్ళ తరబడి శ్రమించి మన సీతాకోకచిలుకలు ఏ మొక్క మీద గుడ్డు పెడతాయో, ఎన్నాళ్ళకు రెక్కలు వస్తాయో రాసిపెట్టారు. దేశంలో 1,300 పైచిలుకు జాతులు ఉన్నాయంటారు. అందరమూ పరిశోధకులం కాలేము. కాని తేదీ, చోటు, మొక్క పేరు రాసిన ఒక ఫోటో ఎవరు తీసినా సాక్ష్యమే. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి చోట పెడితే తెలిసినవారు చూసి జాతి పేరు చెబుతారు. మా విద్యార్థులు ఇప్పటికి ఇలా కొన్ని పంపించారు. ఒక నియమం మాత్రం పెట్టాను. పురుగును పట్టి ఐసుపెట్టెలో పెట్టి, మొద్దుబారాక పువ్వు మీద కూర్చోబెట్టి తీసేవారు కొందరున్నారు. ఆ పని చేయరాదు. దొరికితే దొరికింది, ఎగిరిపోతే రేపు మళ్ళీ రావాలి.

చివరగా గృహిణులకు ఒక విన్నపం. మీ నూతిపళ్ళెం పక్కన తనంతట తాను మొలిచిన ఆముదపు మొక్క కనిపిస్తే పీకించకండి. గింజలు మాత్రం విషం. పిల్లలు నోట పెట్టుకోకుండా గెల ముదరకముందే కోసివేయండి. మిగతా ఆకులు వచ్చే చుట్టాల కోసం ఉండనీయండి. వానలు వెలిసిన నాలుగు వారాలకు, ఎండ ఎక్కకముందు, చంటిపిల్లవాడిని చంకన వేసుకుని ఆ చెట్టు దగ్గరికి వెళ్ళి ఆకు కింద చూడండి. వెంట్రుకల గుడ్డు ఒకటైనా కనిపిస్తుంది.